లేని ఇరవై ముగ్గురు

తిరిగొచ్చి నెలన్నర అయింది. ఎదురుపడ్డ ప్రతివాడూ "నైజాం వెళ్ళొచ్చావటగా, ఎలా ఉందిరా అక్కడ?" అని అడుగుతూనే ఉన్నాడు. కొందరికి రజాకార్ల కథలు కావాలి, కొందరికి కమ్యూనిస్టుల కథలు కావాలి. మా అమ్మకు మాత్రం అక్కడ నేనేం తిన్నానో కావాలి. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. చదివాక నన్ను మెచ్చుకుంటారనే ఆశ మాత్రం నాకు లేదు.

మాది రేపల్లె పక్కన పల్లె. మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రాళ్ళు ఇరవై దాటగానే రెండేళ్ళు పరాయి దేశంలో సువార్త చెప్పి రావాలి. పెళ్ళి మాట ఆ తర్వాతే. కృష్ణకు అవతల రాజు వేరు, రూపాయి వేరు, కోర్టు భాష వేరు గనక మా వాళ్ళ లెక్కలో నైజాం పరదేశమే. నిజాం లొంగిపోయి, ఢిల్లీ మిలిటరీ దిగిన రెండు నెలలకు మా వంతు వచ్చింది. మా అంటే నేనూ, దాసూ. దాసు నాకంటే రెండేళ్ళు పెద్ద.

ఎప్పుడూ ఇద్దరం కలిసే ఉండాలి. చెంబు పట్టుకుని చేలోకి వెళ్ళినా రెండోవాడు గట్టు మీద నిలబడాలి. తెల్లపంచె, తెల్లచొక్కా, నల్లగొడుగు. కల్లు ముట్టకూడదు. నెలకు ఒక్కటే ఉత్తరం ఇంటికి. అన్నిటికంటే పెద్ద నియమం పుస్తకం. ఏ ఊళ్ళో ఎవరు మన మాట విన్నారు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు మళ్ళీ రమ్మన్నారు, తండ్రి పేరుతో సహా రాసుకోవాలి. శనివారం దాన్ని కాపీ చేసి మా పాస్టరు అయ్యగారికి పోస్టులో పంపాలి. చర్చిలో ఆ పేర్లు చదివి అందరూ ప్రార్థన చేస్తారు. నా చేతిరాత బాగుంటుందని పుస్తకం నాకిచ్చారు. చేతిరాత ఒక్కటే బాగుంటే సరిపోతుందా అని అప్పుడెవరూ అడగలేదు.

ఆలంపూర్

కర్నూలు దగ్గర పుట్టిలో తుంగభద్ర దాటాం. పుట్టి అంటే పెద్ద వెదురుబుట్ట, అడుగున తోలు. అది గిరగిరా తిరుగుతుంటే దాసు కీర్తన ఎత్తుకున్నాడు, సగంలోనే గొడుగు నీళ్ళపాలైంది. పుట్టివాడు పగలబడి నవ్వి, "మీ దేవునికి గొడుగు గావాల్నేమో అయ్యా" అన్నాడు. ఒడ్డున సుంకం మనిషి మా సంచులు కుమ్మరించి చూశాడు. పొగాకు లేదు, కొత్త బట్టల్లేవు, అన్నీ కాయితాలే. పొమ్మన్నాడు. మన రూపాయిని అక్కడ కల్దారంటారు. వాళ్ళ రూపాయి దానికంటే కొంచెం తక్కువ తూగుతుంది. ఆ తేడా అర్థం కాక మొదటి రోజే రెండు అరటిపళ్ళకు డజను ధర ఇచ్చాను.

ఆలంపూర్‌లో నవబ్రహ్మల గుళ్ళు చూశాం. నియమం ప్రకారం చూడకూడదు. చూశాం. ఎర్రరాతి మీద ఆ బొమ్మల పని చూసి దాసు నోరు తెరిచాడు, నేను తెరవనట్టు నటించాను. గుడి బయట నీడలో కూర్చుని మా మాట విన్నది ఇద్దరే. ఒక ముసలాయన, ఆయన కోసం తాంబూలం దంచుతున్న భార్య. ఆయన అంతా విని, "మంచిగ చెప్పినవ్ నాయినా, గొంతు ఆరిపోయినట్టుంది, నీళ్ళు తాగు" అన్నాడు.

సాయంత్రం పుస్తకంలో పదకొండు మంది అని రాశాను.

దాసు తొంగి చూసి, "ఇద్దరే గదరా?" అన్నాడు.

"గుడి మెట్ల మీద కూర్చున్నవాళ్ళ చెవుల్లో పడలేదా ఏంటి?"

దాసు ఒక క్షణం నన్ను చూసి, తడిసిన పంచె పిండుకోవడానికి వెళ్ళాడు. ఆ ఒక్క క్షణం వాడు నన్ను చెంపమీద కొట్టి ఉంటే ఎంత బాగుండేది.

పాలమూరు

మహబూబ్‌నగర్‌ని అక్కడెవరూ ఆ పేరుతో పిలవరు. పాలమూరే. రైలు దిగగానే స్టేషను నిండా పారలు, గంపలు, చంకలో పిల్లలతో జనం. మన వైపు ఇంతమంది ఒక్కచోట కనిపిస్తే తిరునాళ్ళనుకుంటాం. వీళ్ళు మట్టిపనికి ఊళ్ళు పట్టుకుపోతున్నారు. ఒకామె దగ్గర కూర్చుని పరలోకం గురించి మొదలుపెట్టాను. ఆమె బిడ్డకు పాలిస్తూ నిదానంగా విని, "గాడ కూలి రోజుకెంతిస్తరు?" అని అడిగింది. హాస్యానికి అడగలేదు. అక్కడ కూలి ఉండదమ్మా అన్నాను. "మరి ఏం దిని బతుకుతరు?" అంది. రైలొచ్చి నన్ను కాపాడింది.

సీతాఫలాలు మాత్రం అగ్గువ. తట్టెడు ఒక అణా. కడుపునిండా తిని ఇద్దరం మర్నాడు దగ్గుతూ బోధించాం. మూడు పూటలా వరన్నం తిని పెరిగిన మాకు జొన్నరొట్టె మొదట్లో గొంతు దిగేది కాదు. పచ్చిపులుసులో ముంచుకుంటే దిగుతుందని పూటకూళ్ళామె చూపించింది. ఆమె ఇంట్లో వరన్నం పండక్కేనట. మా ఇంట్లో ముసలి ఎద్దుకు పెట్టే కుడితిలో ఎంత అన్నం పోతుందో ఆమెకు చెప్పలేదు.

పోస్టాఫీసులో అయ్యగారి ఉత్తరం కాచుకుని ఉంది. "బందరు చర్చి పంపిన జంట వారానికి వందమందికి తక్కువ కాకుండా రాస్తున్నారు. మీ నుంచి ఇంకా ఎక్కువ ఆశిస్తున్నాను." అంతే ఉంది అందులో. బందరు జంటలో ఒకడు నాతో బడిలో చదివినవాడే, ఎక్కాలు కూడా నా పలకలో చూసి రాసేవాడు. వాడికంటే నేను తక్కువా? ఒళ్ళు మండిపోయింది. ఆ వారం గోరంతలన్నీ కొండంతలు చేశాను.

నల్లగొండ దాటాక

నల్లగొండలో ఎవరూ మాతో సరిగ్గా మాట్లాడలేదు. టీ హోటల్లో కూర్చుంటే పక్క బల్ల ఖాళీ అయ్యేది. పగలు మిలిటరీ లారీలు తిరుగుతుంటాయి. కమ్యూనిస్టుల దళాలు అడవుల్లో, గుట్టల్లో ఉన్నాయంటారు. వాళ్ళకు ముద్ద పెట్టినవాణ్ణి మిలిటరీ పట్టుకెళుతుంది. మొన్నటిదాకా రజాకార్లను ఇంట్లో పెట్టి మేపిన దొరలు ఇవాళ గాంధీటోపీ పెట్టుకుని మిలిటరీకి దారి చూపిస్తున్నారు. కొత్తవాడు కనబడితే ఎవరి మనిషో ఏమోనని జనం తలుపులేసుకోవడంలో వింతేముంది?

చౌటుప్పల్ వైపు నడుస్తుంటే రెండో రోజు దాసు కాల్లో తుమ్మముల్లు దిగింది. కాలు బూరెలా పొంగింది. దగ్గర్లో ఉన్న ఊళ్ళోకి మోసుకుపోయాను. ఊరి పేరు రాయను. మొదటి ఇంటి ముందు పల్లికాయ, అంటే మన వేరుశనగ, కుప్పపోసి ఉంది. ఆ ఇంటాయన నలభై ఏళ్ళవాడు, కొంచెం మెల్లకన్ను. మేమెవరో అడగకముందే మంచం వాల్చాడు.

"కూసోండ్రి, కూసోండ్రి. అవ్వా, జర గీ పిలగాని కాలు జూడు."

వాళ్ళమ్మ వచ్చింది. జిల్లేడు పాలు ముల్లు మీద చుక్కవేసి, ఇటుక వేడిచేసి కాపడం పెట్టింది. మర్నాటికి ముల్లు తల బయటపెట్టింది. తీసి చూపిస్తే వేలెడంత ఉంది. ఆ పూట గటక పెట్టారు, జొన్నరవ్వతో చేసే సంకటి అది. నంజుకోవడానికి చింతకాయ తొక్కు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఆ ఇంటాయన ఈతకల్లు తెచ్చాడు. వద్దన్నాం. ఆయన తెల్లబోయాడు.

"కల్లు తాగరా? మరి సుట్టం ఇంటికొస్తె ఏం బోస్తరు మీ దిక్కు?"

"మజ్జిగ పోస్తాం."

"ఓర్ని! మజ్జిగతోని సుట్టరికం ఎట్ల నిలవడతదయ్యా?" అని నవ్వాడు. ఆ తర్వాత మేం ఉన్నన్నాళ్ళూ నన్ను "మజ్జిగ పంతులూ" అనే పిలిచాడు.

సువార్త చెప్తానన్నాను. "చెప్పు, వద్దన్ననా? మీ దేవుడు మంచోడే అయితడు. మా మల్లన్న గూడ మంచోడే. ఉత్తగ ఎందుకు, పల్లికాయ తెంపుకుంట విందం" అన్నాడు. సాయంత్రం ఎండ తగ్గాక ఇరుగుపొరుగును పిలిచాడు. ఆయనతో కలిపి ఏడుగురు. పీకిన మొక్కల నుంచి కాయ తెంపుతూ, నడుమ నడుమ నోట్లో వేసుకుంటూ విన్నారు. తప్పిపోయిన గొర్రె ఉపమానం చెప్తే మాత్రం అందరూ చేతులాపారు. గొర్రెను పోగొట్టుకున్న బాధ వాళ్ళకు తెలుసు. "దొరికిందా?" అని ఒకాయన ఆత్రంగా అడిగాడు. దొరికిందన్నాను. "అయితె మంచిదే" అని మళ్ళీ కాయ తెంపాడు. నేను చెప్పిన బోధలన్నిట్లో నిజంగా బోధ అనిపించుకున్నది అదొక్కటే.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని పుస్తకం తీశాను. ఏడు పేర్లూ, తండ్రుల పేర్లూ రాశాను. ఆ ఇంటాయన పేరు కింద ఇలా రాశాను. "మమ్మల్ని మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టాడు. ఊరంతా ఈయన మాట వింటుంది. పిలిస్తే ముప్పై మంది వచ్చారు." బందరువాడి మొహం కళ్ళముందు మెదిలింది. తృప్తిగా కలం దులిపాను.

అవ్వ చాట పట్టుకుని నా ముందు నిలబడింది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"పేర్లు అవ్వా. మా ఊళ్ళో మీ అందరి కోసం ప్రార్థన చేస్తారు."

"పేర్లు రాయకు బిడ్డా." ఆమె గొంతు మారింది. "గీ ఊర్ల పేరు కాయితం మీదికెక్కినోడు బాగుపడ్డది నేను జూడలే. పట్వారి రాసుకున్నడు, రెండెకరాలు పోయినయ్. రజాకార్లు రాసుకున్నరు, నా పెద్దకొడుకు పోయిండు. కొట్టెయ్యి."

"ఇది అలాంటి పుస్తకం కాదవ్వా. దేవుడి పుస్తకం" అన్నాను. చదువురాని ముసలామెకు చెప్పినట్టు, నవ్వుతూ, ఓపిగ్గా చెప్పాను. ఆ ఓపిక తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. దారికని పల్లికాయలు మూట కట్టి ఇచ్చింది.

చౌటుప్పల్

బెజవాడ నుంచి హైదరాబాద్ పోయే రోడ్డు మీద ఉన్న ఊరిది. ఊరి మొదట్లోనే మిలిటరీవాళ్ళు ఆపారు. సంచి బోర్లించారు. సువార్త పుస్తకాలు, పల్లికాయలు, నా పేర్ల పుస్తకం. అవతల కుర్చీలో ఉన్న ఆఫీసరు మా మెళ్ళో సిలువలు చూసి దగ్గరికి పిలిచాడు. నేను హైస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషంతా గుమ్మరించాను. ఆయనకు ముచ్చటేసింది. టీ ఇప్పించాడు, ఇలాంటి చోట మీలాంటివాళ్ళు తిరగడం గొప్ప ధైర్యమన్నాడు. నేను ఉబ్బిపోయాను.

పుస్తకం మాత్రం ఇవ్వలేదు. చూసి పంపిస్తామన్నాడు.

బయటికొచ్చాక దాసు, "వెనక్కెళ్ళి అడగరా. అందులో పేర్లున్నాయి" అన్నాడు.

"ఉంటే ఏం? మనమేమన్నా దొంగతనం చేశామా? మన సేవ గురించి వాళ్ళూ చదువుతారు. పద."

శనివారపు కాపీ ఆ ఊరి నుంచి వచ్చే దారిలోనే పోస్టుడబ్బాలో వేశాను గనక నాకు ఫికరు లేదు. ఫికరు అన్న మాట అక్కడే నేర్చుకున్నాను. ఐదు రోజులు చౌటుప్పల్‌లో హాయిగా తిరిగాం. చాయ్ హోటల్లో మా కథ చెబితే జనం వినేవారు కూడా. ఆరో రోజు సంతలో పల్లికాయ బండి తోలుకొచ్చిన ఒకాయన ఆ ఊరి సంగతి చెప్పాడు.

"ఏడుగుర్ని పట్కపోయిండ్రు. పుస్తకం జూసి, దళపోళ్ళ లెక్కనుకొని పేర్లు పిలిసిండ్రట. మిగిలిన ఇరవై ముగ్గురు ఏడున్నరని ఒక్కతీరుగ కొడుతున్నరు."

"ఏ ఇరవై ముగ్గురు?" అన్నాడు దాసు.

"ఏమో, ముప్పైమంది అని రాసున్నదట. ఏడుగురు దొరికిండ్రు. లెక్క తక్కువొస్తున్నదట."

దాసు నా వైపు చూడలేదు. అంగడి మధ్యలో నిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆ ఊరి దారి పట్టాను.

బడి అరుగు

ఆ ఊరికి కోసెడు దూరంలో ఒక బడిని క్యాంపు చేసుకున్నారు. నల్లబల్ల మీద ఎవరో రాసిన గుణింతం ఇంకా ఉంది. ఆఫీసరు చౌటుప్పల్‌లో చూసినాయన కాదు, ఇంకొకాయన. ఆయన పక్కన మాటలు తర్జుమా చేసి చెప్పడానికి ఒక గుమస్తా, వెనక గాంధీటోపీ దొర మనిషి. బల్ల మీద నా పుస్తకం. నా అందమైన చేతిరాత.

అరుగు మీద ఏడుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. ఆ ఇంటాయన చివర. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అరికాళ్ళు రెండూ కుండల్లా ఉన్నాయి. మమ్మల్ని చూసి మెల్లగా తలెత్తాడు.

"ఎప్పుడొచ్చిర్రు పంతులూ? పిలగాని కాలు తక్కువైందా?"

దాసు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

నేను ఆఫీసరుకు అంతా చెప్పాను. మేమెవరం, పుస్తకం ఎందుకు, వచ్చినవాళ్ళు ఏడుగురే అని. ఆయన కోప్పడలేదు. శ్రద్ధగా విని పేజీ మీద వేలు పెట్టాడు.

"ముప్పై అని రాసింది నువ్వే కదా?"

"నేనే."

"అప్పుడు అబద్ధం రాశావా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నావా?"

"అప్పుడు రాశానండీ."

"ఎందుకు?"

బందరు జంట సంగతి చెప్పాను. మా పాస్టరు ఉత్తరం సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అది ఎంత చిల్లరగా వినిపించిందో! ఆ గుమస్తాకు నవ్వాగలేదు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

"దేవుడికి పంపే పుస్తకంలో అబద్ధం రాసినవాడు నా ముందు నిజం చెబుతాడని ఎలా నమ్మను? ఇతను అన్నం పెట్టాడు. దానికి బదులుగా ఇతణ్ణి కాపాడాలని వచ్చారు. అది సహజమే. వెళ్ళండి."

మర్నాడు ఆరుగుర్ని వదిలేశారు. ఊరంతా మాట వినే మనిషి అని నేను రాసినాయన్ను మాత్రం లారీ ఎక్కించారు. ఏ జైలుకో చెప్పలేదు.

అవ్వ ఇంటి ముందు అదే కుప్ప దగ్గర కూర్చుని ఉంది. పని ఆగలేదు, కాయ తెంపుతూనే ఉంది. ఆమె కాళ్ళ మీద పడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వాడు ఒక్క పేరు చెప్పలే" అంది. "ఊర్ల మొగోళ్ళు లేరా? ఎవల పేరన్న ఇరవై ముగ్గురివి చెప్తె ఇడిసిపెడుతుండిరి. ఎవలెవలివో జెప్పి నేనెట్ల బతుకుత అన్నడట. వచ్చినోళ్ళు జెప్పిండ్రు."

కాసేపటికి ఎప్పట్లాగే లేచి గటక పెట్టింది. తిన్నాం. తినకపోతే ఆమెను ఇంకోసారి అవమానించినట్టవుతుంది. వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ నా నోరు ఊరుకోలేదు. "అవ్వా, ఆయన కోసం మా ఊళ్ళో ప్రార్థన చేయిస్తాను" అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది.

"చెయ్యి బిడ్డా. పేరు మాత్రం జెప్పకు. దేవునికి గూడ."

రేపల్లె

రెండేళ్ళకని వెళ్ళి నలభై రోజులకే ఊళ్ళో దిగాం. ఆదివారం చర్చి కిటకిటలాడింది. మేం నోరు విప్పేలోపే అయ్యగారు నేను పోస్టు చేసిన కాపీ చేతిలోకి తీసుకుని చదివారు. "ఒక్క సాయంత్రం, ఒక్క ఇంట్లో, ముప్పై మంది!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఇంటాయన పేరు పైకి చదవబోతుంటే నేను లేచి వెళ్ళి కాయితం లాక్కున్నాను. జరిగిందంతా అందరి ముందూ చెప్పాను. దాసు నా పక్కనే నిలబడ్డాడు.

తర్వాత అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "సేవలో ఇలాంటి శోధనలు వస్తాయి నాయనా. అంకె సరిచేద్దాం లే" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంకో జంట కోసం బీరువాలోంచి కొత్త పుస్తకం తీసి పెట్టారు. దాన్ని వద్దని ఆయనతో మూడుసార్లు పోట్లాడాను. నాకు విశ్వాసం సన్నగిల్లిందని మా నాన్నకు కబురు పెట్టారు.

ఇందులో పుట్టివాడి పేరు లేదు, పూటకూళ్ళామె పేరు లేదు. దాసు పేరు వాడినడిగే రాశాను. సీతాఫలాల ధర, ముల్లు పొడవు, గటక రుచి అన్నీ రాశాను, మా అమ్మ కోసం.

ఆ ఇంటాయన తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. రోజూ పోస్టాఫీసు ముందు నుంచే పోతాను. ఒక కవరు కొని నెలవుతోంది. ఉత్తరం కూడా రాసి లోపల పెట్టాను. కానీ అది చేరాలంటే పైన ఆయన పేరు రాయాలి.